తిరునాళ్ల రాట్నం నుంచి ఒంటరి వరుస దాకా

పెనుకొండ, ధర్మవరం, హిందూపురం ప్రాంతంలో వినోదానికి ఒకప్పుడు ప్రత్యేకమైన చోటంటూ లేదు, ప్రత్యేకమైన రోజు మాత్రం ఉండేది. కదిరి లక్ష్మీనరసింహస్వామి బ్రహ్మోత్సవాలు ఫాల్గుణంలో, హేమావతి సిద్ధేశ్వరుడి ఉత్సవం శివరాత్రికి, పెనుకొండ బాబయ్య దర్గా ఉరుసు ముస్లిం పంచాంగాన్ని బట్టి వచ్చేవి. ఇవి కాక ఊరూరా పరసలు, తేర్లు ఉండేవి. కనగానపల్లి చుట్టుపక్కల మెట్టపొలాల్లో ప్రధాన పంట చెనిక్కాయ. కాయ కల్లానికి చేరి, అమ్ముడుపోయి, చేతిలో నాలుగు డబ్బులు ఆడే కాలం సంక్రాంతికి కాస్త ముందు మొదలవుతుంది. అక్కడి నుంచి ఉగాది దాటేదాకా తిరునాళ్ల కాలం. దేవుడి పంచాంగం, పంట పంచాంగం ఇలా కలవడం కాకతాళీయం కాదు. కొనేవాడి దగ్గర డబ్బు లేని నెలలో అంగడి పెట్టే వ్యాపారి ఎవరూ ఉండరు.

ఆ ఉత్సవాల్లో మొదట ఊగేదీ, తేలేదీ, ఊరేగేదీ దేవుడే. డోలోత్సవంలో ఊయల ఆయనది, తెప్పోత్సవంలో పడవ ఆయనది, రథోత్సవంలో తేరు ఆయనది. కదిరిలో తేరు కదిలేటప్పుడు భక్తులు దవనం, మిరియాలు దాని మీదికి విసురుతారు. జనం పని లాగడం, చూడడం, వెంట నడవడం. మనిషి గాలిలోకి లేచే సందర్భం ఒకటి ఉండేది కానీ అది వినోదం కాదు, మొక్కుబడి. సిడిమాను మీద మనిషిని కొక్కేలతో వేలాడదీసి తిప్పే ఆచారాన్ని 19వ శతాబ్దంలో ఆంగ్ల ప్రభుత్వం అణచడానికి పూనుకుంది. పూజారి మాను చివర కూర్చొని ఊరేగే విజయనగరం సిరిమానోత్సవాన్ని దానికి దగ్గరి రూపంగా చెప్పుకోవచ్చు. రాయలసీమ ఉట్ల పరసలో జారే మాను ఎక్కడం, బండలాగుడు పోటీల్లో ఎద్దుల బలం చూపడం మాత్రం అచ్చమైన వేడుకలే. వాటిలో పాల్గొనేది ఒకరిద్దరు, కేకలు వేసేది ఊరంతా.

డబ్బిచ్చి ఎక్కే యంత్రంగా తిరునాళ్లకు వచ్చింది రంగులరాట్నం. నాలుగో ఎనిమిదో కొయ్య తొట్లు, నడుమ ఇరుసు, చేత్తో తిప్పే మనుషులు. ఇలాంటి నిలువు రాట్నం ఏ దేశంలో మొదట పుట్టిందో తేల్చడం కష్టం. ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వాల్లే 1615లో కాన్‌స్టాంటినోపుల్‌లో పండుగ రోజున అలాంటి దానిమీద తిరిగినట్టు రాశాడు. (ఇదే మనిషి 1623లో కర్ణాటకలోని ఇక్కేరి నాయకుల కొలువు దాకా వచ్చాడు.) కొద్దికాలానికే ఇప్పటి బల్గేరియాలో ఇంగ్లీషు యాత్రికుడు పీటర్ మండీ కూడా అలాంటి చక్రాలను చూశాడు. అంటే షికాగోలో ఫెర్రిస్ చక్రం లేవడానికి రెండున్నర శతాబ్దాల ముందే తూర్పు దేశాల సంతల్లో రాట్నం మామూలు వస్తువు. 1893 షికాగో ప్రదర్శనలో జార్జ్ ఫెర్రిస్ కొత్తగా తెచ్చింది పరిమాణం: 264 అడుగుల ఎత్తు, 36 పెట్టెలు, ఒక్కో పెట్టెలో 60 మంది, రెండు చుట్లకు 50 సెంట్లు. ఆ తరువాత చేతి రాట్నం పేద చుట్టమైపోయింది. డీజిల్ జనరేటర్లు అందుబాటులోకి వచ్చాక మన తిరునాళ్లలోనూ జెయింట్ వీల్ నిలబడింది. దాని పక్కన ఊగే పడవ చేరింది. ఆ పడవను ఎక్కడికి వెళ్లినా కొలంబస్ అనే పిలుస్తారు. బ్రేక్ డ్యాన్సు, డ్రాగన్ రైలు, మోటారు సైకిళ్లు గోడ మీద తిరిగే మృత్యుబావి వచ్చాయి. ఇవన్నీ లారీలకెక్కి ఒక పరస నుంచి ఇంకో పరసకు తిరిగే ఆస్తులు. యజమానికి భూమి అక్కర్లేదు, తిథులు తెలిస్తే చాలు.

రాట్నం నడిపేవాడికి ఒక లెక్క తప్పనిసరి. ఒక తొట్టిలో బరువు ఎక్కువై ఎదురు తొట్టి ఖాళీగా ఉంటే చక్రం సరిగ్గా తిరగదు. కాబట్టి ఎదురెదురు తొట్లను సరిచూసుకుంటూ ఎక్కిస్తాడు, ఎవరైనా ఒక్కరే వస్తే వేరే కుటుంబం పక్కన కూర్చోబెడతాడు. అయితే ఒక్కరే రావడం అరుదు. బండి కట్టుకొని, సద్ది మూట గట్టుకొని, అత్తగారి ఊరి వాళ్లనూ పుట్టింటి వాళ్లనూ కలుపుకొని పోవడమే తిరునాళ్ల ప్రయాణం. పెళ్లి మాటలు, అప్పుల వసూళ్లు, ఎద్దుల బేరాలు అక్కడే జరిగేవి. జనంలో ఒంటరిగా కనిపించే మనిషి తప్పిపోయిన మనిషి కిందే లెక్క. మైకులు వచ్చాక ఆ లెక్క బయటికే వినిపించేది. ఫలానా ఊరి పిల్లవాడు ఇక్కడున్నాడు, పెద్దలు వచ్చి తీసుకెళ్లండి అనే ప్రకటన లేని పరస ఉండదు.

వినోదాన్ని ఊళ్లకు మోసుకొచ్చినవాళ్లు ఇంకా ఉన్నారు. డొమ్మరులు గడలెక్కి ఆడారు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు మేకతోలు బొమ్మలను తెర మీద ఆడిస్తూ రాత్రంతా రామాయణం నడిపారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఊళ్లలో ఆట పలచబడ్డాక ఆ కుటుంబాలు అదే తోలుతో దీపపు గుమ్మటాలు, గోడ బొమ్మలు చేసి అమ్ముతున్నాయి. సినిమా కూడా మొదట తిరిగే వ్యాపారమే. రఘుపతి వెంకయ్య 1914లో మద్రాసులో గెయిటీ థియేటరు కట్టకముందు యంత్రం వెంటబెట్టుకొని ఊళ్లు తిరిగాడు, బర్మా దాకా వెళ్లాడు. వీళ్లందరిలోనూ ఒక పోలిక ఉంది: ఆట జనం దగ్గరికి వస్తుంది, జనం ఉన్నచోటే ఉండి చూస్తారు, ఆట అయ్యాక గుడారం లేచిపోతుంది.

ఈ క్రమాన్ని మార్చడం మొదలుపెట్టింది నగరపు ఎగ్జిబిషన్. హైదరాబాదులో 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టిన నుమాయిష్ తరువాత నాంపల్లి మైదానానికి చేరి, ఏటా జనవరి 1 నుంచి నెలన్నర నడిచే సంప్రదాయంగా స్థిరపడింది. ఇక్కడ దేవుడు లేడు, ప్రహరీ ఉంది, ద్వారం దగ్గర టికెట్టు ఉంది. లోపల మళ్లీ ప్రతి రైడుకూ వేరే టికెట్టు. హిందూపురం వైపు జనానికి హైదరాబాదు దూరం, మైసూరు దసరా ఎగ్జిబిషను, బెంగళూరు లాల్‌బాగ్ పూల ప్రదర్శన దగ్గర. రైలు దారిలోనూ బెంగళూరే దగ్గర, కూలికి పోయినా బేరానికి పోయినా ఆ దారినే పోయారు. ఈ ప్రాంతపు వినోద చరిత్రలో కన్నడ దేశం పాలు తెలుగు రాజధానుల పాలు కంటే ఎక్కువని ఒప్పుకోక తప్పదు.

స్థిరంగా ఒక చోట ఉండి, జనాన్ని తన దగ్గరికి రప్పించుకునే వినోదవనం ఐరోపాలో పాతదే. డెన్మార్కులో బాకెన్ 1583 నుంచి ఉంది, కోపెన్‌హేగెన్‌లో టివోలి 1843లో తెరిచారు. అమెరికాలో కోనీ ద్వీపం మీద 1884లో లామార్కస్ థాంప్సన్ ఐదు సెంట్లకు ఒక గుట్టబండి నడిపాడు. రోలర్ కోస్టరు వ్యాపారంగా స్థిరపడింది అక్కడి నుంచే. ఆసియాలో సింగపూరు న్యూ వరల్డ్‌ను 1923లో జలాన్ బేసర్‌లో, లిటిల్ ఇండియాకు కూతవేటు దూరంలో పెట్టారు. తరువాత గ్రేట్ వరల్డ్, హ్యాపీ వరల్డ్ వచ్చాయి. నాటకం, కుస్తీ, నృత్యశాల, సినిమా, తిండి ఒకే ప్రహరీ లోపల దొరికే ఆ చోట్లకు చీనా, మలయా, భారత జాతుల వాళ్లందరూ వెళ్లేవాళ్లు. మలయా తోటలకు తెలుగు కూలీలు వలస పోయిన కాలం కూడా అదే.

వాల్ట్ డిస్నీ 1955 జులై 17న కాలిఫోర్నియాలోని ఆనహైమ్‌లో తెరిచిన డిస్నీల్యాండ్‌తో ఒక కథ చుట్టూ ప్రతి గోడనూ, దుకాణాన్నీ, ఉద్యోగి దుస్తులనూ అల్లే పద్ధతి, అంటే థీమ్ పార్కు పద్ధతి, స్థిరపడింది. జవహర్‌లాల్ నెహ్రూ 1961 నవంబరులో ఇందిరాగాంధీతో కలిసి అక్కడికి వెళ్లారు, డిస్నీ స్వయంగా చూపించాడు. 23 ఏళ్ల తరువాత ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో, ఇందిర పుట్టినరోజైన 1984 నవంబరు 19న, ఆసియా క్రీడల ఏనుగు పిల్ల పేరుతో అప్పు ఘర్ తెరిచారు. దేశంలో పెద్ద వినోదవనాలకు అది ఆరంభం.

డిస్నీల్యాండ్ చరిత్రలో రైడ్ల కంటే ముఖ్యమైన మలుపు టికెట్టుది. మొదట్లో ప్రవేశానికి కొంత, లోపల ఒక్కో రైడుకు కొంత చెల్లించేవారు. తరువాత రైడ్లను ఏ నుంచి ఈ దాకా తరగతులు చేసి టికెట్ల పుస్తకాలు అమ్మారు. కుటుంబం ఆ పుస్తకాన్ని పంచుకునేది: పిల్లలకు 'ఈ' తరగతి టికెట్లు, పెద్దలకు మిగిలినవి. 1982లో ఆ పుస్తకాలు పోయాయి. ఒక మనిషికి ఒక రోజుకు ఒక ధర, లోపల ఎన్నిసార్లు ఎక్కినా అదే ధర. తిరునాళ్లలో అమ్ముడుపోయేది చుట్టు, ఇక్కడ అమ్ముడుపోయేది రోజు. ఈ ఒక్క మార్పుతో లెక్క కుటుంబం నుంచి మనిషికి దిగింది. ఒంటరిగా వచ్చినవాడు ఎవరితోనూ ఏదీ పంచుకోనక్కర్లేదు. అతను కొన్నది పది పన్నెండు గంటల కాలం, దాన్ని ఎలా ఖర్చు పెట్టుకుంటాడన్నది అతని ఇష్టం.

భారతీయ పార్కులు ఈ ఒకే టికెట్టు పద్ధతినే ఎక్కువగా తీసుకున్నాయి. కనగానపల్లి ప్రాంతపు పిల్లలకు దాని మొదటి పరిచయం చాలావరకు మైసూరు రోడ్డులో బిడది దగ్గర 2005లో వచ్చిన వండర్‌లా. హైదరాబాదు పక్కన రామోజీ ఫిల్మ్ సిటీ 1996లో, రావిర్యాల వండర్‌లా 2016లో వచ్చాయి. బడి పిల్లల విహారయాత్రలూ, ఆఫీసు బృందాలూ, పెళ్లయిన కొత్త జంటలూ వీటికి ప్రధాన ఆధారం. ఒక్కరే వెళ్లేవాళ్లు ఇక్కడ ఇప్పటికీ తక్కువే. పైగా కొన్ని నీటి పార్కుల్లో ఒంటరి మగవాళ్లను రానివ్వరు. ఆడవాళ్ల భద్రత పేరుతో పెట్టిన ఆ నియమం న్యాయమైనదేనా అన్నది వేరే చర్చ. మనిషిని కుటుంబంతోనే గుర్తించే తిరునాళ్ల చూపు అందులో మిగిలి ఉందన్నది స్పష్టం.

విదేశీ పార్కులకు తెలుగువాళ్లు ఒంటరిగా చేరడానికి దారి విహారం కాదు, జీవనోపాధి. కడప జిల్లా నుంచీ, కదిరి వైపు నుంచీ కువైటు, గల్ఫు దేశాలకు ఇంటి పనికీ, డ్రైవరు పనికీ వెళ్లినవాళ్లు ఎందరో. కువైటులో 1984లోనే ఎంటర్‌టైన్‌మెంట్ సిటీ పేరుతో అరబ్బు ప్రపంచం, అంతర్జాతీయ ప్రపంచం, భవిష్యత్ ప్రపంచం అనే మూడు విభాగాల పార్కు వెలిసింది. అబుదాబిలో 2010లో ఫెరారీ వరల్డ్ వచ్చింది. దాని ఫార్ములా రోసా బండి గంటకు 240 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. కుటుంబాన్ని ఊళ్లో వదిలి రెండేళ్ల ఒప్పందం మీద ఉన్న మనిషికి సెలవు రోజు కూడా ఒంటరిదే. సాఫ్ట్‌వేరు ఉద్యోగాల కాలంలో ఇదే స్థితి మరో తరగతికి వచ్చింది. సింగపూరు, టోక్యో, ఆర్లాండోలకు పని మీద వెళ్లిన యువతీ యువకులకు తిరుగు విమానానికి ముందు ఒక శనివారం మిగులుతుంది. 2008 మే నెలలో దేవనహళ్లిలో బెంగళూరు కొత్త విమానాశ్రయం తెరిచాక ఈ ప్రాంతం నుంచి విదేశం దగ్గరైంది. మామిళ్లపల్లి దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే విమానాశ్రయం రెండు మూడు గంటల దూరం, అదీ నగరంలోకి వెళ్లకుండానే.

అంతకు చాలా ముందే ఎదురు దిశలో ఒంటరి ప్రయాణం ఈ ప్రాంతం చూసింది. 1950లో ప్రశాంతి నిలయం ఆశ్రమం ఏర్పడ్డాక, ముఖ్యంగా తరువాతి దశాబ్దాల్లో, పుట్టపర్తికి ఐరోపా, అమెరికా, జపాను నుంచి ఒంటరిగా వచ్చిన భక్తులు చుట్టుపక్కల ఊళ్లకు కొత్త కాదు. అక్కడి దర్శనపు వరుసలకు ఒక ఏర్పాటు ఉండేది. ముందు జనం వరుసలుగా కూర్చుంటారు, ప్రతి వరుసలో మొదటి మనిషి ఒక టోకెను తీస్తాడు, దాని మీది అంకెను బట్టి ఏ వరుస ముందు లోపలికి పోవాలో తేలుతుంది. తెల్లవారకముందే వచ్చినవాడికీ ఆలస్యంగా వచ్చినవాడికీ తేడాను అదృష్టానికి వదిలేసే పద్ధతి అది. తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్సు, సమయం నిర్ణయించిన టోకెన్లు, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం వరుస నిర్వహణను శాస్త్రం స్థాయికి తీసుకెళ్లాయి. ఫ్లోరిడా డిస్నీ 1999లో మొదలుపెట్టిన ఫాస్ట్‌పాస్, ఇప్పుడు చాలా పెద్ద పార్కుల్లో డబ్బుకు దొరికే ఎక్స్‌ప్రెస్ టికెట్టు ఇదే సమస్యకు వెతికిన జవాబులు. వరుసలో నిలబడడంలో తెలుగువాడికి విదేశం నేర్పాల్సింది పెద్దగా లేదు.

విదేశీ పార్కు కొత్తగా ఇచ్చింది ఒంటరివాళ్లకు వేరే వరుస. కోస్టరు బండిలో సీట్లు సాధారణంగా రెండేసి లేదా నాలుగేసి ఉంటాయి. ముగ్గురి కుటుంబం వస్తే ఒక సీటు ఖాళీ. బండి నిమిషానికి ఒకటి చొప్పున కదులుతుంటే ఆ ఖాళీలు గంటకు పదుల లెక్కన పేరుకుంటాయి, వాటిని నింపితే పెద్ద వరుస కూడా కొంత త్వరగా కరుగుతుంది. అందుకని ఎవరి పక్కనైనా కూర్చోవడానికి సిద్ధపడ్డవాళ్లను పక్కదారిలో నిలబెట్టి, ఖాళీ పడినప్పుడల్లా ఒకరిని పిలుస్తారు. ఇది ఒంటరివాళ్ల మీద దయతో పెట్టింది కాదు, సీటు వృథా కాకూడదనే లెక్కతో పెట్టింది. రాట్నం యజమాని తొట్లు నింపిన లెక్కకు ఇది దూరం కాదు, కాకపోతే ఇక్కడ దానికి బోర్డూ, దారీ, నియమాలూ ఉన్నాయి. ముందు సీటు కావాలని అడగకూడదు. ఇద్దరు స్నేహితులు ఈ దారిలో వస్తే వేర్వేరు బండ్లలో పడతారు. పెద్ద వరుసలో దారి పొడవునా కథ చెప్పే గదులూ, దృశ్యాలూ ఉంటే ఈ దారి చాలాసార్లు వాటిని తప్పించుకుంటూ పోతుంది. అలంకారం చూడాలనుకునేవాడు ఒకసారైనా పెద్ద వరుసలో నిలబడాలి.

సింగపూరు యూనివర్సల్ స్టూడియోస్‌ను తీసుకుంటే ఒంటరి రోజు ఎలా నడుస్తుందో తెలుస్తుంది. సెంటోసా ద్వీపంలో 2010లో తెరిచిన ఈ పార్కు సుమారు 20 హెక్టార్లే. నడుమ ఒక మడుగు, దాని చుట్టూ విభాగాలు. వివోసిటీ నుంచి చిన్న రైలు ఎక్కితే ద్వీపం చేరవచ్చు. ద్వారం తెరిచిన మొదటి గంట అన్నింటికంటే విలువైనది. అప్పుడు పెద్ద కోస్టర్లను మామూలు వరుసలోనే ఎక్కవచ్చు. పదకొండు దాటాక వరుసలు పెరుగుతాయి, అప్పటి నుంచి ట్రాన్స్‌ఫార్మర్స్, మమ్మీ లాంటి రైడ్లకు ఒంటరి దారి పనికొస్తుంది. సెలవు రోజుల్లో కుటుంబాలు గంటకు పైగా నిలబడే చోట ఒంటరి మనిషి తరచు ఎంతో ముందుగా బయటపడతాడు, అయితే అది ఖాయం కాదు. జంటలే వరుసగా వచ్చినప్పుడు ఈ దారి అసలు కదలదు. మధ్యాహ్నం భూమధ్యరేఖ ఎండ, ఆ వెనకే ఉరుముల వాన. వాన పడితే బయటి కోస్టర్లు ఆపేస్తారు. నీడపట్టున జరిగే ప్రదర్శనలను ఆ సమయానికి ఉంచుకోవడం అనుభవజ్ఞుల పద్ధతి.

సంచి ఒంటరి మనిషికి అసలు చిక్కు. తిరునాళ్లలో కింద నిలబడి చెప్పులూ, మూటలూ కాసే పెద్దమ్మ ఎప్పుడూ ఉంటుంది. ఇక్కడ కోస్టరు ముందు లాకరు వెతుక్కోవాలి, అది కొంతసేపు ఉచితం, గడువు దాటితే రుసుము. మంచినీళ్లకో మరుగుదొడ్డికో వెళ్తూ వరుసలో చోటు కాయమని చెప్పడానికి మనిషి ఉండడు. తిండి సంగతి దేశాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్ ఇంటి తిండిని అనుమతిస్తుంది, చాలా ఆసియా పార్కులు బయటి తిండిని ఆపేస్తాయి. బొరుగులు, కారాలు, బత్తాసులు కొంగున కట్టుకొని పరసంతా తిరిగిన తరానికి ఇది వింతగానే ఉండేది. శాకాహారులైతే ముందే చూసుకోవడం మంచిది, జపానులో అయితే మరీ.

జపానులో ఒంటరి విహారం ఒక అలవాటుగా గౌరవం పొందింది. 1983లో తెరిచిన టోక్యో డిస్నీల్యాండ్‌కు పక్కనే 2001లో వచ్చిన డిస్నీసీకీ, అదే ఏడు తెరిచిన ఒసాకా యూనివర్సల్ స్టూడియోస్‌కూ ఒక్కరే వచ్చేవాళ్లను ఎవరూ వింతగా చూడరు. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ప్రహరీ, వెలుతురు, అడుగడుగునా సిబ్బంది ఉన్న చోట చీకటి పడ్డాక కూడా తిరగగలగడం తిరునాళ్లలో ఊహించనిది.

2020లో కరోనా వచ్చి ప్రపంచపు పార్కులు చాలావరకు మూతపడ్డాయి. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్ 2021 ఏప్రిల్ 30న గానీ తెరుచుకోలేదు. 2021 నుమాయిష్ జరగలేదు. తిరిగి తెరిచాక కొత్తవాళ్లను పక్కపక్కన కూర్చోబెట్టకూడదు గనుక ఒంటరి వరుసలను చాలాచోట్ల ఆపేశారు, దూరం నియమాలు ఎత్తేశాక క్రమంగా మళ్లీ పెట్టారు. ఆ మధ్యకాలంలో ఫోను పాత్ర పెరిగింది. టికెట్టు, వేచి ఉండాల్సిన సమయం, తిండి, డబ్బిచ్చి కొనే వేగపు వరుస అన్నీ దానిలోకే చేరాయి. దాంతో ఒంటరి మనిషి సంచిలో ఛార్జరు కూడా చేరింది. ఆర్లాండోలో 2025 మే 22న తెరిచిన ఎపిక్ యూనివర్స్‌లో ద్వారం దగ్గర ముఖాన్ని గుర్తించే కెమెరాలు పెట్టారు. అక్కడి జంట కోస్టరు స్టార్‌డస్ట్ రేసర్స్‌తో సహా కొన్ని రైడ్లకు ఒంటరివాళ్ల వరుస ఉంది.